రెడ్‌మీ నోట్ 5 ప్రోలో లీనియేజ్ వేసి ఇంట్లోవాళ్లకి ఇవ్వొచ్చా?

నోట్5_ఇంట్లో: అధికారిక అప్‌డేట్లు ఆండ్రాయిడ్ 9 దగ్గరే ఆగిపోయాయి. లీనియేజ్ (కంపెనీది తీసేసి వేసుకునే వేరే ఆండ్రాయిడ్) వేసి అమ్మకి ఇద్దామనుకుంటున్నాను. వాట్సాప్, యూపీఐ నడిస్తే చాలు.

ఫాస్ట్‌బూట్_శీను: నిక్షేపంగా వేయండి. ముందు బూట్‌లోడర్ (ఫోన్ ఆన్ కాగానే సిస్టమ్‌ని లేపే ప్రోగ్రామ్) తాళం తీయాలి. షావోమీ ఖాతా కలిపాక అన్‌లాక్ టూల్ చెప్పిన గడువు ఆగాలి, సాధారణంగా 168 గంటలు. అన్‌లాక్‌తో ఫోన్లో ఉన్నదంతా పోతుంది, ఫోటోలు ముందే తీసుకోండి. రికవరీ (సిస్టమ్ ఎక్కించే చిన్న ప్రోగ్రామ్) ఫ్లాష్ చేశాక, అంటే ఫోన్లోకి ఎక్కించాక, మామూలుగా ఆన్ చేయొద్దు. వాల్యూమ్ అప్, పవర్ నొక్కిపట్టి నేరుగా రికవరీలోకి వెళ్లండి, లేదంటే పాత రికవరీయే మళ్లీ వచ్చి కూర్చుంటుంది. ఫార్మాట్ డేటా చేసి లీనియేజ్ జిప్‌ని సైడ్‌లోడ్ చేయండి, అంటే కంప్యూటర్ నుంచి కేబుల్‌తో ఎక్కించండి. కంప్యూటర్లో 47 శాతం దగ్గర ఆగితే కంగారొద్దు, చాలాసార్లు పని అయిపోయినట్టే. గూగుల్ యాప్స్ మొదటి బూట్‌కి ముందే ఎక్కాలి.

బెంచ్_మురళి: అసలుది వదిలేశారు. ఫోన్ని ఫాస్ట్‌బూట్‌లో (కంప్యూటర్ ఆదేశాలు తీసుకునే మోడ్) పెట్టి 'గెట్‌వార్ యాంటీ' కొట్టి చూడమనండి, పాత వెర్షన్‌కి వెళ్లకుండా అడ్డుకునే అంకె అది. 4 వస్తే, అంతకన్నా తక్కువ అంకె ఉన్న పాత మీయూఐ (షావోమీ సొంత సిస్టమ్) ఎక్కించగానే ఫోన్ బ్రిక్, అంటే ఇటుకలా పడి ఉంటుంది. ఈడీఎల్‌లో (సర్వీస్ సెంటర్ వాడే అత్యవసర మోడ్) లేపాలన్నా షావోమీ అనుమతి ఉన్న ఖాతా కావాలి.

ఫాస్ట్‌బూట్_శీను: లీనియేజ్ జిప్‌లో మీయూఐ బూట్‌లోడర్ ఉండదండీ. ఊరికే భయపెట్టకండి.

బెంచ్_మురళి: లీనియేజ్ ఎక్కించేటప్పుడు కాదు, మీయూఐకి వెనక్కి వచ్చేటప్పుడు! మీఫ్లాష్‌లో (మీయూఐ ఎక్కించే షావోమీ కంప్యూటర్ టూల్) అడుగున 'క్లీన్ ఆల్ అండ్ లాక్' ముందే ఎంచుకుని ఉంటుంది. చైనా ఫోన్లో గ్లోబల్ మీయూఐ వేసి అలాగే లాక్ చేస్తే ఇక బూట్ కాదు.

చార్జర్: బ్యాటరీ ఉబ్బిందేమో చూశారా? ఉబ్బితే ముందు అది మార్చండి.

ఫాస్ట్‌బూట్_శీను: యాంటీ, యాంటీ అని అదే పట్టుకున్నారు. ఏళ్లనాటి సెక్యూరిటీ ప్యాచ్‌తో యూపీఐ వాడటం మాత్రం క్షేమమా?

బెంచ్_మురళి: మీ ప్యాచ్ ఆండ్రాయిడ్‌కే. మోడెమ్, బూట్‌లోడర్ లోపాలు సరిచేయాల్సింది షావోమీ, అది మానేసింది. పైగా బూట్‌లోడర్ తెరిచే ఉంచాలి, ప్లే ఇంటిగ్రిటీ (ఫోన్ని మార్చారేమో చూసే గూగుల్ తనిఖీ) అది పసిగడితే యూపీఐ యాప్ మొరాయిస్తుంది.

ఫాస్ట్‌బూట్_శీను: ఆ తనిఖీని దాటించే మాడ్యూళ్లున్నాయి (ఫోన్లో అదనంగా వేసే చిన్న ప్రోగ్రాములు). మీ లెక్కన పాత ఫోన్లన్నీ చెత్తబుట్టలో వేయాలా?

బెంచ్_మురళి: ఎవరన్నారండీ? ఆ మాడ్యూల్ గూగుల్ ఏదో మార్చేదాకే పనిచేస్తుంది. ఫోన్ మీ చేతిలో ఉంటే రాత్రికి సరిచేసుకుంటారు. ఆవిడ కిరాణా కొట్టు ముందు నిలబడి ఉంటే ఎవరు చేస్తారు? నా గొడవ లీనియేజ్‌తో కాదు, దాన్ని బాగుచేసుకోలేని మనిషి చేతిలో పెట్టడంతో.

ఫాస్ట్‌బూట్_శీను: ఆ మాట మొదటే అనుంటే ఇంత దూరం వచ్చేది కాదు. ఒప్పుకుంటాను. వాట్సాప్, వీడియోలు ఇందులో. డబ్బు సంగతి కీప్యాడ్ ఫోన్లో యూపీఐ 123పే (ఇంటర్నెట్ లేని ఫోన్లకి యూపీఐ).

నోట్5_ఇంట్లో: అమ్మ ఊళ్లో ఒక్కతే ఉంటుంది. అలాగే చేస్తాను.

బెంచ్_మురళి: అయితే వేయండి. ముందు టీడబ్ల్యూఆర్‌పీ అనే రికవరీలోంచి ఈఎఫ్‌ఎస్, పర్సిస్ట్ (ఐఎంఈఐ, సెన్సార్ల సమాచారం ఉండే భాగాలు) బ్యాకప్ తీసి కంప్యూటర్లో దాచండి. ఐఎంఈఐ పోతే అదే దిక్కు.