గేమ్‌లో కథ అంతగా ఎలా ఏడిపిస్తుంది?

ప్రశ్న:
నాకు సినిమాలు, నవలలంటే ప్రాణం. గేమ్స్ అంటే కాల్చుకోవడం, స్కోరు పెంచుకోవడమే అనుకునేదాన్ని. మొన్న ఇంటర్ చదివే మా చెల్లి ఏదో గేమ్ ముగించి, అన్నం కూడా తినకుండా కూర్చుంది. కథంతా చెప్పించుకుని విన్నా నాకేమీ అనిపించలేదు. "ఆడితేనే తెలుస్తుందక్కా" అంటోంది. సినిమాలో లేనిది అందులో ఏముంటుంది? ఒక్క ఉదాహరణతో చెప్పండి.

జవాబు 1:
మీ చెల్లి చెప్పింది నిజమండీ. నా ఉదాహరణ 2013లో వచ్చిన 'బ్రదర్స్: ఎ టేల్ ఆఫ్ టూ సన్స్'. ముగింపు చెప్పక తప్పదు, స్పాయిలర్ వద్దనుకునేవాళ్లు ఇక్కడే ఆగండి.

జబ్బుపడ్డ నాన్న కోసం జీవవృక్షం నీళ్లు తేవడానికి అన్నదమ్ములు బయల్దేరతారు. వాళ్లు మాట్లాడేది కల్పిత భాష, ఒక్క ముక్క అర్థం కాదు. రెండు చేతులతో పట్టుకుని ఆడే కంట్రోలర్‌లో ఎడమ స్టిక్ (బొటనవేలితో నడిపించే చిన్న పుల్ల), ఎడమ ట్రిగ్గర్ (చూపుడువేలితో నొక్కే మీట) అన్నయ్యవి. కుడివి తమ్ముడివి. మొదట్లో బొటనవేళ్లు తికమకపడి ఇద్దరూ చెరో దిక్కుకి పోతారు. పోనుపోను ఎడమ చెయ్యే అన్న అయిపోతుంది. తల్లి నీళ్లలో మునిగి చనిపోయింది కాబట్టి తమ్ముడికి నీళ్లంటే భయం, అన్న వీపు పట్టుకుని దాటుతుంటాడు.

తర్వాత అన్న చనిపోతాడు. శవాన్ని లాగి గుంటలోకి చేర్చి, మట్టి తోసేది మనమే, కుడి చేత్తో. ఎడమ చేతికి ఇక పనే ఉండదు. అంత ఖాళీ నాకు ఏ సినిమాలోనూ తగల్లేదు. ఇంటిదారిలో మళ్లీ నీళ్లు అడ్డం. తమ్ముడు దిగనంటాడు. అప్పుడు అన్నయ్యదైన ఎడమ ట్రిగ్గర్ నొక్కాలి. నొక్కితే ఈదుతాడు!

దర్శకుడు జోసెఫ్ ఫారెస్ అంతకుముందు సినిమాలు తీసినవాడే. కానీ ఈ ఘట్టం తెర మీద పండదు, ప్రేక్షకుడి చేతిలో ట్రిగ్గర్ ఉండదు కదా.

జవాబు 2:
ఏడుపు ఒక్కటే కాదండీ, తప్పు చేశామన్న బాధ కూడా పెట్టగలవు గేమ్స్. 2014 నాటి 'దిస్ వార్ ఆఫ్ మైన్' చూడండి. 1990లలో బోస్నియా యుద్ధంలో జరిగిన సరయెవో నగర ముట్టడి స్ఫూర్తితో పోలండ్ వాళ్లు చేశారు. మనం సైనికులం కాదు, ముట్టడిలో చిక్కుకున్న మామూలు జనం. ఒక ఇంట్లో ముసలి దంపతులు ఉంటారు. వాళ్ల తిండి, మందులు తీసుకుంటుంటే ఆ పెద్దాయన కొట్టడు, బతిమాలతాడంతే. సంచి నింపేది మాత్రం మనమే. 2020లో పోలండ్ ప్రభుత్వం దీన్ని హైస్కూలు పిల్లలు చదవదగ్గ వాటి జాబితాలో చేర్చింది, నాకు చాలా సంతోషమేసింది.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ థాంక్స్ అండీ. ముందు 'బ్రదర్స్' ఆడతాను. కంట్రోలర్ ఎప్పుడూ పట్టుకోలేదు, నాకు వస్తుందా? చెల్లితో కలిసి ఆడొచ్చా?

జవాబు 1:
వస్తుందండీ, మూడు నాలుగు గంటల ఆటే. 2024 రీమేక్‌లో ఇద్దరు ఆడే వీలుంది కానీ మొదటిసారికి వద్దు. రెండు స్టిక్‌లూ మీ చేతిలోనే ఉండాలి. చెల్లిని పక్కన కూర్చోబెట్టుకోండి, దారి మాత్రం చెప్పొద్దనండి.