స్టాంపు కార్డులను ‘చేతిపని’ స్టాల్లో పెట్టొచ్చా?

సిరామరక:
మా అపార్ట్‌మెంట్ సంక్రాంతి మేళాలో ఈసారి ‘సొంతంగా చేత్తో చేసినవే అమ్మాలి’ అని రూల్ పెట్టారు. నేను గ్రీటింగ్ కార్డులు పెడదామనుకుంటున్నాను. డిస్ట్రెస్ ఇంకులతో (కార్డుల పనికి వాడే ఒక రకం స్టాంపు ప్యాడ్ రంగులు) కార్డు మీద రంగులు కలిపి, ఆరాక నల్ల ఇంకుతో పిట్ట బొమ్మ స్టాంపు (ముద్ర) వేస్తాను. కమిటీలో ఒకాయన అడ్డం తిరిగారు. స్టాంపు కొన్నది కాబట్టి బొమ్మ మీది కాదు, ఒప్పుకోం అంటున్నారు. పక్క స్టాల్లో ఒకావిడ ప్రతి కార్డూ వాటర్ కలర్‌తో గీసి పెడుతున్నారు, ఆమెకు అన్యాయం అవుతుందట. మీరేమంటారు?

పెన్సిల్‌పిచ్చి:
ఏమనుకోకండి, నాకు ఆయన మాటే సబబుగా ఉంది. ఒక్క పిట్ట బొమ్మ చూడగానే పిట్టలా కనిపించేలా గీయడానికి మాకు ఏళ్లు పడుతుంది. మీరు ఆ పిట్టను ప్యాకెట్లో కొన్నారు. యాక్రిలిక్ బ్లాకుకి (స్టాంపును పట్టుకునే ప్లాస్టిక్ దిమ్మ) అంటించి ఒత్తితే వచ్చేసింది. ఆ ప్యాకెట్ కొన్న వాళ్లందరి దగ్గరా అదే పిట్ట ఉంటుంది. వెనక రంగులు బాగుంటాయి, కాదనను. కానీ కొనేవాళ్ల కళ్లు ముందు పిట్ట మీదికే పోతాయి.

బందరులడ్డు:
అలాగైతే మా పెడన వాళ్లు చేసేదీ చేతిపని కాదనాలి మీ లెక్కన. అక్కడ అచ్చులు చెక్కేవాళ్లు వేరు, బట్ట మీద అద్దేవాళ్లు వేరు. అద్దేవాళ్లు అచ్చులు కొనుక్కుని పని చేస్తారు. బొమ్మ గీతలకి ఒక అచ్చు, ఒక్కో రంగుకి ఒక్కో అచ్చు, అన్నీ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోవాలి. దాన్ని కలంకారీ అనే అంటున్నాం, మచిలీపట్నం పేరుతో భౌగోళిక గుర్తింపు (జీఐ) కూడా ఇచ్చారు. శ్రీకాళహస్తిలో వెదురు కలంతో గీస్తారు, అదీ కలంకారీయే. కలంతో గీసేవాళ్లు ఉన్నారని అచ్చులవాళ్లను సంతలోంచి ఎవరూ తోసేయలేదు.

పెన్సిల్‌పిచ్చి:
పెడనలో అచ్చు కూడా ఒక మనిషి ఉలి పట్టి చెక్కిందే కదండీ. ఇక్కడ పాలిమర్ స్టాంపు ఫ్యాక్టరీలో తయారవుతుంది. అయినా శ్రీకాళహస్తికి, మచిలీపట్నానికి గుర్తింపు విడివిడిగానే ఉంది. నేనడిగేదీ అదే. అమ్ముకోండి, కానీ గీసిన కార్డు, అద్దిన కార్డు ఒకే బోర్డు కింద పెట్టొద్దు.

కొత్తకుంచె:
నాదొక చిన్న డౌట్. ఈ వెనక రంగులకి అంత కష్టం ఏముంటుంది? స్పాంజితో రుద్దడమే కదా?

సిరామరక:
రుద్దడమేనా! ఓసారి ఆఫీసు స్టాంపు ప్యాడ్ ఊదా ఇంకుతో రుద్ది చూడండి. స్పాంజి తగిలిన చోటల్లా కాగితం పీల్చేసుకుని మచ్చలు పడతాయి తప్ప రంగు పాకదు. డిస్ట్రెస్ ఇంకు కొంచెం నిదానంగా ఆరుతుంది, అందుకే కలపడానికి వీలవుతుంది. దానితో కూడా స్పాంజిని నేరుగా కార్డు మధ్యలో పెట్టారంటే మచ్చే. పక్కన మ్యాట్ మీద మొదలుపెట్టి, గుండ్రంగా తిప్పుకుంటూ, అస్సలు నొక్కకుండా అంచు మీదుగా లోపలికి రావాలి. ముందు లేత రంగు, తర్వాత ముదురు, రెండూ కలిసే చోట మళ్లీ లేతది.

సాయంత్రం ఆకాశం కావాలంటే పసుపు, నారింజ, గులాబీ, ఊదా అని వరసగా వెళ్లాలి. తొందరపడి పసుపు పక్కనే ఊదా తెస్తే మధ్యలో బురద రంగు తేలుతుంది. చందమామ కావాలంటే గుండ్రంగా కత్తిరించిన కాగితం ముక్కను మాస్కులా అంటించి, చుట్టూ రంగు వేసి, తర్వాత దాన్ని తీసేయాలి. నీళ్లు చిలకరిస్తే మామూలు డిస్ట్రెస్‌లో లేత చుక్కలు పడతాయి. డిస్ట్రెస్‌లోనే ఆక్సైడ్ రకంలో డై (నీళ్లలో కరిగే రంగు)తో పాటు పిగ్మెంట్ (కరగని రంగుపొడి) కూడా ఉంటుంది కాబట్టి సుద్ద పూసినట్టు తెల్లబారతాయి. ఇంత చేశాక, తడి ఆరకముందే స్టాంపు వేశామా, గీత చెదిరి కార్డు చెత్తబుట్టలోకే. ఒక కార్డు లాంటిది ఇంకోటి రమ్మన్నా రాదు.

లెక్కలమాస్టారు:
చేతిపనా కాదా అని కొట్టుకుంటున్నారు గానీ, అమ్మే హక్కు ఉందా అని ఒక్కరూ అడగలేదు. స్టాంపు కొన్నంత మాత్రాన బొమ్మ మీద కాపీరైట్ మీకు రాదు. మన 1957 చట్టం ప్రకారం బొమ్మ గొప్పదా కాదా అన్నదానితో పనిలేదు, గీసినవాళ్లకి రక్షణ ఉంటుంది. చాలా స్టాంపు కంపెనీలు ‘ఏంజెల్ పాలసీ’ అని ఒకటి పెడతాయి. చేత్తో అద్దిన కార్డులు అమ్ముకోవచ్చు, స్కాన్ చేసి ప్రింట్లు తీయకూడదు అన్నది అందులో మామూలుగా కనిపించే షరతు. కొన్ని కంపెనీలు ఎన్ని కార్డులు అమ్మొచ్చో హద్దు పెడతాయి, కొన్ని కార్డు వెనక తమ పేరు వేయమంటాయి. మీ స్టాంపులకి ఏ షరతు ఉందో చూశారా? చవగ్గా దొరికే నకలు స్టాంపులైతే ఆ అనుమతి వర్తిస్తుందని అనుకోవద్దు.

ఇంకో మాట. 1843లో లండన్‌లో హెన్రీ కోల్ అమ్మకానికి పెట్టిన తొలి క్రిస్మస్ కార్డు చూడండి. బొమ్మ జాన్ కాల్కాట్ హార్స్‌లీ గీశాడు, గీతలు అచ్చు వేయించారు, రంగులు చేత్తో వేయించారు. ఒక్కోటి ఒక షిల్లింగు. క్రిస్మస్ కార్డు పుట్టడమే ఇలా పుట్టింది. ఒక్క చేతి మీద తయారైన కార్డే ఉండాలని కమిటీ ఎందుకు పట్టుబడుతోందో మరి.

రబ్బరుముక్క:
స్టాంపు సొంతంగా చెక్కుకుంటే ఈ గొడవే ఉండదు. మామూలు ఎరేజర్, సన్నటి కట్టర్ చాలు. చిన్నప్పుడు బెండకాయ కోసి రంగులో ముంచి అద్దినవాళ్లమే కదా అందరం. అక్షరాలు మాత్రం తిరగేసి చెక్కాలి, లేకపోతే ‘శుభాకాంక్షలు’ అద్దంలో పెట్టి చదువుకోవాలి.

బందరులడ్డు:
అన్నా, ఆవిడ అడిగింది ఈ సంక్రాంతికి. వచ్చే సంక్రాంతికి కాదు.

సిరామరక:
మాస్టారూ, చూశాను. రెండు కంపెనీల షరతుల్లో అమ్ముకోవచ్చనే ఉంది. ఒక సెట్టుకి ఏ వివరమూ దొరకలేదు, దాన్ని పక్కన పెట్టేశాను. ‘బొమ్మలు కొన్న స్టాంపులవి, రంగులు నేను వేసినవి’ అని బల్ల మీద బోర్డు పెడతానని కమిటీకి మెసేజ్ పెట్టాను. ధర కూడా వాటర్ కలర్ ఆవిడ కంటే తక్కువే పెడతాను. పిట్ట నేను గీయలేదు, ఆ డబ్బు నేనెందుకు తీసుకోవాలి? ఆకాశానికి మాత్రం తగ్గించను.

పెన్సిల్‌పిచ్చి:
బోర్డు దూరం నుంచి కనపడేలా పెడితే నాకు పేచీ లేదు. కార్డు వెనక చీమ తలకాయంత అక్షరాలతో రాసి, రాశాం కదా అనొద్దు.

బందరులడ్డు:
సరే, మరి ఆ వాటర్ కలర్ ఆవిడ బొమ్మ ఇంటర్నెట్లో ఫోటో చూసి గీశారో, సొంతంగా ఊహించి గీశారో కూడా బోర్డు పెట్టించండి.

పెన్సిల్‌పిచ్చి:
పెట్టాలి. ఫోటో ఎవరిదో కూడా రాయాలి. నేను రాస్తాను.

కొత్తకుంచె:
ఇంతకీ ఆ రంగులకి కాగితం ఎలాంటిది కొనాలో ఎవరైనా చెప్తారా?

సిరామరక:
నునుపుగా ఉండాలి, బరువు 250 జీఎస్‌ఎం (చదరపు మీటరుకి గ్రాములు) పైనే చూసుకోండి. పల్చటిదైతే రెండో రంగుకే నూగు లేస్తుంది.