జపనీస్‌కి చుట్టాలెవరు? తమిళం, కొరియన్, ఆల్టాయిక్ వాదాల్లో ఏది నిలుస్తుంది?

కొత్తపదం (ప్రశ్న):
జపనీస్ వాక్యం అచ్చం తెలుగులా నడుస్తుంది. "తబెతె మిరు" అంటే "తిని చూడడం". "రాము తొ ఇఉ హితొ" అంటే "రాము అనే మనిషి". విభక్తి నామం వెనకే, క్రియ చివరే. ఓనో సుసుము అనే పండితుడు తమిళంతో వందల మాటలు జత కలిపాడని చదివాను. ఇంకోచోట టర్కిష్, మంగోలియన్ ఉన్న ఆల్టాయిక్ గుంపు అంటారు, మరోచోట కొరియన్ అంటారు, కొందరు ఏకాకి భాష అని తేల్చేస్తారు. ఇందులో ఖాయంగా తేలినదేంటి? మాటల జతలు చూపించినప్పుడు అసలుదో నకిలీదో పట్టుకోవడం ఎలా?

వర్ణసూత్రం:
ముందు ఏకాకి అన్న మాట వదిలేయండి. అమామి, ఒకినావా, మియాకో, యాఎయామా, యొనగుని దీవుల్లోని ర్యూక్యూ భాషలు జపనీస్‌కి తోబుట్టువులు. టోక్యో మనిషికి అవి అర్థం కావు. హాచిజో దీవి మాటని కూడా కలిపి ఈ కుటుంబాన్ని జపోనిక్ అంటారు. దీని మీద తగువు లేదు. తగువంతా ఈ ఇంటికి బయట బంధువులున్నారా అన్నదాని మీదే.

వాక్యాల పోలిక ముచ్చటగా ఉంటుంది కానీ సాక్ష్యానికి పనికిరాదు. క్రియ చివర పెట్టే భాషల్లో విభక్తి నామం వెనక చేరడం మామూలే. టర్కిష్, మంగోలియన్, ఆండీస్ కొండల్లోని కెచువా కూడా ఇంతే. తేడాలు కూడా చూడాలిగా: మనకి వచ్చాడు, వచ్చింది, వచ్చాను వేరువేరు, జపనీస్‌లో ఎవరొచ్చినా "కిత" ఒక్కటే. మేము, మనము తేడా అక్కడ లేదు.

మాటల విషయానికొస్తే, పోలిక కాదు, వరుస కావాలి. పాలు–హాలు, పులి–హులి, పంది–హంది, పది–హత్తు: తెలుగులో ప ఉన్నచోట కన్నడంలో హ. ఒక మాటలో కాదు, చెయ్యి పెట్టిన ప్రతిచోటా. అదీ చుట్టరికపు గుర్తు. తమాషా ఏంటంటే జపనీస్‌లోనూ ఇదే మార్పు జరిగింది. పువ్వు టోక్యోలో "హన", మియాకోలో "పన". ఇప్పుడు ఎవరైనా కన్నడ "హూవు", జపనీస్ "హన" పక్కపక్కన పెట్టి "చూశారా, రెండిట్లోనూ హ" అంటే అక్కడే ఆపేయండి. ఆ రెండు హ-లూ ప నుంచి విడివిడిగా, ఆలస్యంగా పుట్టినవి.

అందుకే మొదటి పని, దొరికినంతలో పాత రూపం తీయడం. జపనీస్‌కి అది 8వ శతాబ్దం: 712 నాటి పురాణ చరిత్ర కొజికి, ఆ శతాబ్దంలోనే కూర్చిన పద్యసంకలనం మన్యోషూ. ఇప్పుడు ఒకేలా పలికే ఇ, ఎ, ఒ లకి అప్పట్లో కొన్ని హల్లుల తర్వాత రెండేసి రకాలు ఉండేవి. "కమి" (దేవుడు), "కమి" (పైన) నేడు ఒకటే. పాత రాతలో "మి"కి వాడిన చైనా అక్షరాలు వేరు, అంటే పలుకు వేరు. దేవుడు పైనుంటాడు కాబట్టి రెండూ ఒకే మాట అన్న పాత వ్యుత్పత్తి దానితో పోయింది. సొంత భాషలోనే ఇలా బోల్తా పడితే, ఆధునిక రూపాలతో వేరే భాషకి లంకె వేయడం సంగతి చెప్పక్కర్లేదు.

ఆ తర్వాత అమ్మ, అన్న లాంటి పిల్లల నోటి మాటలు, ధ్వని అనుకరణలు, తేలిగ్గా అప్పుగా వచ్చే పంట, గుడి, లోహం పేర్లు పక్కన పెట్టండి. మిగిలినవాటిలో ఒక్కో ధ్వని నియమానికి కనీసం మూడు నాలుగు మాటలు, అర్థం సాగదీయకుండా దొరకాలి.

నిఘంటువుపురుగు:
తమిళ వాదం గురించి. ఓనో (1919–2008) ఆషామాషీ మనిషి కాదు, ప్రాచీన జపనీస్‌లో పెద్ద పేరు. లోపం పద్ధతిలో ఉంది. ఆయన జత కలిపింది మూల ద్రావిడంతో కాదు, తమిళంతో. తమిళం "ఇరండు", తెలుగు "రెండు" చూడండి. తెలుగులో అచ్చు వెనక్కి జరిగి ర ముందుకొచ్చింది. చెల్లెళ్ళన్నిటినీ అడిగి మూల రూపం కట్టాకే బయటి భాష దగ్గరికి పోవాలి. ఒక్క తమిళ నిఘంటువునే పట్టుకుని, అర్థాన్ని కాస్త అటూ ఇటూ జరుపుకునే వీలుంటే, ఏ భాషతోనైనా వందల జతలు దొరుకుతాయి.

అంకెలు చూడండి. జపనీస్ "మి" (3), మన "మూడు" కనగానే ఆశ పుడుతుంది. కానీ వాళ్ళ అంకెల్లో ఒకటి–రెండు "హితొ–ఫుత" (పాత రూపం "పితొ–పుత"), మూడు–ఆరు "మి–ము", నాలుగు–ఎనిమిది "యొ–య": హల్లు నిలబెట్టి అచ్చు మారిస్తే రెట్టింపు. "మి" ఆ జతలో ఒక చెక్క. దాన్ని విడదీసి మూడు పక్కన పెడితే "ము"కి ఏం చెబుతారు? పొంగల్‌ని జపాన్ పల్లెల "హొంగ" కేకతో కలపడం కూడా ఇలాంటిదే. ఇక దారి సంగతి: తడి వరిసాగు జపాన్ దక్షిణాన ఉన్న క్యూషూ దీవికి కొరియా ద్వీపకల్పం మీదుగా వచ్చిందనే తవ్వకాలు చూపిస్తున్నాయి, దక్షిణ భారతం నుంచి కాదు.

కొత్తపదం:
మరి కొరియన్ గట్టిదేనా?

వర్ణసూత్రం:
మిగతావాటికన్నా గట్టిది, కానీ తేలలేదు. 1966లో శామ్యూల్ మార్టిన్ 320 జతలు ఇచ్చాడు. ముందు కొరియన్, తర్వాత జపనీస్: "సొమ్"–"షిమ" (దీవి), "కోమ్"–"కుమ" (ఎలుగుబంటి), "పత్"–"హత", పాత రూపం "పత" (పొలం). చిక్కల్లా ఇవి తాతల ఆస్తా, అప్పా అన్నదే. "తెర" (బౌద్ధాలయం), మధ్యయుగ కొరియన్ "త్యొల్" చక్కగా కుదురుతాయి, కానీ బౌద్ధమే 6వ శతాబ్దంలో కొరియాలోని పెక్చే రాజ్యం నుంచి జపాన్‌కి వెళ్ళింది, గుడి పేరూ దానితోనే వెళ్ళి ఉంటుంది. అలెగ్జాండర్ వోవిన్ మొదట చుట్టరికాన్ని సమర్థించి, 2010 పుస్తకంలో ఈ జతల్లో చాలావాటిని అప్పుల ఖాతాలోకి నెట్టేశాడు.

నా దృష్టిలో అసలు విలువైన సాక్ష్యం ఊరి పేర్లు. 1145లో కిమ్ బుసిక్ ఆధ్వర్యంలో తయారైన కొరియా చరిత్ర గ్రంథం సంగుక్ సాగిలో, ఒకప్పుడు కొగుర్యో అనే ఉత్తరాది రాజ్యం కింద ఉన్న ఊళ్ళకి రెండేసి పేర్లున్నాయి: ఒకటి అర్థం చెప్పేది, ఒకటి ధ్వని చెప్పేది. "అయిదు లోయలు" అన్న ఊరి రెండో పేరు, కొరియన్ పలుకుబడిలో చదివితే, "ఉచా-తన్-హోల్". "హోల్" అంటే కోట. పాత జపనీస్‌లో అయిదు "ఇతు", లోయ "తని". మూడుకి "మిల్" (జపనీస్ "మి"), ఏడుకి "ననున్" ("నన"), పదికి "తొక్" ("తొవొ"). నాలుగు అంకెలు వరసగా కుదరడం కాకతాళీయం అనలేం.

అయితే ఇది కొగుర్యో వాళ్ళ భాషే అని క్రిస్టఫర్ బెక్విత్ అన్నాడు. ఆ ఊళ్ళు ఎక్కువగా మధ్య కొరియాలో, తర్వాతి కాలంలో కొగుర్యో గెలుచుకున్న నేల మీద ఉన్నాయని మిగతావాళ్ళ ఆక్షేపణ. అంటే పేర్లు అంతకుముందు అక్కడున్న జపోనిక్ జనానివి కావచ్చు. నాకు రెండోదే నచ్చుతుంది. జపోనిక్ భాషలు ద్వీపకల్పం నుంచే దాటాయన్నదానికి అది సరిపోతుంది, కొరియన్‌తో రక్తసంబంధం మాత్రం దానివల్ల రుజువు కాదు.

నిఘంటువుపురుగు:
ఆల్టాయిక్ కూడా అయిపోగొడదాం. టర్కిక్, మంగోలిక్, తుంగుసిక్ (సైబీరియా, మంచూరియా వైపు భాషలు) కుటుంబాలకి కొరియన్, జపనీస్ కలిపే ఈ వాదాన్ని 1971లో రాయ్ ఆండ్రూ మిల్లర్ గట్టిగా వినిపించాడు. 2021లో మార్టిన్ రోబెట్స్ బృందం "ట్రాన్స్‌యురేషియన్" పేరుతో 98 భాషలు, 254 మూల భావాల మాటలు తీసుకుని, 9,000 ఏళ్ళ కిందటి ఈశాన్య చైనాలోని పశ్చిమ ల్యావో నది చిరుధాన్య రైతుల దగ్గరికి చేర్చింది. పత్రికల్లో "తేలిపోయింది" అని వచ్చింది, తేలలేదు. ఏ మాటకి ఏ మాట చుట్టమో ముందే మనుషులు గుర్తు పెట్టి ఇస్తారు, కంప్యూటర్ దాని మీద చెట్టు గీస్తుంది. గుర్తులు తప్పైతే చెట్టు నీటుగానే వస్తుంది, తప్పుగా వస్తుంది. పోల్చి చూడండి: 2011లో లీ, హసెగావా ఇలాంటి లెక్కే 59 జపోనిక్ మాండలికాల మీద, 210 మాటలతో వేసి, అవి విడిపోయి సుమారు 2,182 ఏళ్ళు అన్నారు. అక్కడ చుట్టరికం ముందే రుజువైంది కాబట్టి ఆ లెక్కకి కాళ్ళున్నాయి.

వర్ణసూత్రం:
ఒకటి మర్చిపోయాం. దక్షిణ దీవుల ఆస్ట్రొనేషియన్ భాషలు జపనీస్‌లో కలిశాయన్న వాదం కూడా ఉంది: రష్యన్ పండితుడు పోలివనోవ్, తర్వాత జపాన్‌లో మురయామ షిచిరో చెప్పింది. పాత జపనీస్‌లో ప్రతి అక్షరం అచ్చుతో ముగియడం దానికి ఊతం అంటారు. ఆ లెక్కన మన అజంత తెలుగుని కూడా ఆ దీవులకే పంపాలి.