రెండు వేల లోపు మంచి మడత చాకు ఏది?

రాణిగంజ్‌లో ఒక హార్డ్‌వేర్ గోదాములో పని చేస్తాను. రోజుకు నలభై, యాభై అట్టపెట్టెలు విప్పాలి, ప్లాస్టిక్ పట్టీలు తెంచాలి. మధ్యాహ్నం అదే చాకుతో జామకాయ కూడా (కడిగిన తర్వాతే లెండి).

మొన్నటిది కోఠిలో ఫుట్‌పాత్ మీద 150 రూపాయలకు కొన్నాను. మూడో వారానికే పిడి దగ్గర మర వదులైంది. ఒక రోజు పట్టీ కోస్తుండగా లాకు జారి, బ్లేడు నా చూపుడువేలి మీదే మడుచుకుంది. రెండు కుట్లు పడ్డాయి. ఇకపై లాకు విషయంలో బేరం లేదు.

ఇప్పుడు ఒపినెల్ అనే ఫ్రెంచ్ కంపెనీ 8వ నంబరు మడత చాకు మీద మనసుంది. 8.5 సెంటీమీటర్ల బ్లేడు, బీచ్ చెక్క పిడి, ఉంగరం తిప్పితే బిగుసుకునే లాకు. కాకపోతే తెరవడానికి రెండు చేతులూ కావాలి. పైగా వానాకాలంలో చెక్క ఉబ్బి, బ్లేడు బయటికి రాకుండా మొరాయిస్తుందట. మన నగరంలో వాడినవారు చెప్పండి, అంత ఇబ్బందిగా ఉంటుందా? కార్బన్ స్టీలుకు పదును సులువుగా వస్తుంది కానీ, తడి తుడవడం మరిచిపోతే తుప్పే. నా మతిమరుపుకు స్టెయిన్‌లెస్సే నయమనిపిస్తోంది.

ఇదే ధరలో ఒంటిచేత్తో తెరుచుకునేది, లాకు గట్టిగా ఉండేది ఇంకేదైనా ఉందా? బేగంబజారులో గానీ సికింద్రాబాదులో గానీ చేతిలో పట్టుకుని చూసి కొనే దుకాణం తెలిస్తే చెప్పగలరు.