కయ్యానికి కాలు దువ్వేది ఎద్దా, పుంజా?

"కయ్యానికి కాలు దువ్వడం" అన్న మాట ఎద్దు నుంచి వచ్చిందా, కోడి నుంచి వచ్చిందా అని మన ఈ గుంపులో ఒకరు అడిగారు. చాలామంది ఎద్దు పక్షమే వహించారు. కాదనను గానీ, ఆ మాటలో పుంజుకూ వాటా ఉంది. గోదావరి జిల్లాలో కోళ్ళు పెంచే ఇంట్లో పుట్టినదాన్ని కాబట్టి నాకు తెలిసింది చెబుతాను.

ముందు ఎద్దు సంగతి. పాత కావ్యభాషలో ఈ మాట రూపం "కాలుద్రవ్వు". కాలు పక్కన చేరి త్రవ్వు కాస్తా ద్రవ్వు అయింది. అంటే కాలితో నేల తవ్వడం. ఆబోతు ముందరి గిట్టతో మట్టి వెనక్కి చిమ్మడం చూసినవారికి ఇక అనుమానమే ఉండదు. మరి వాడుకలో అది "దువ్వు" ఎందుకైంది? త్రవ్వు తవ్వు అయినట్టు ఇదీ దవ్వు అయి ఆగాలి కదా. తల దువ్వుకునే దువ్వు వచ్చి అక్కడ ఎందుకు కూర్చుంది? పలుకుబడిలో జారిందని సరిపెట్టుకోవచ్చు. నాకు మాత్రం అక్కడ పుంజు కనిపిస్తుంది.

ఎదిగొచ్చిన పుంజు ఎదుటిదాని మీదికి తిన్నగా పోదు. పక్కవాటుగా నిలబడి, అవతలి వైపు రెక్కను నేల దాకా దించి, చిన్న చిన్న అడుగులతో దాని చుట్టూ తిరుగుతుంది. ఆ తిరగడంలో, దించిన రెక్క ఈకల మీదుగా కాలి గోళ్ళు బరబరా గీసుకుంటాయి. దగ్గర కూర్చుంటే ఆ చప్పుడు వినపడుతుంది. పెట్ట ముందు కూడా ఇదే నడక నడుస్తుందనుకోండి. కాలితో ఈకలు దువ్వడమంటే అచ్చంగా ఇదే. ద్రవ్వు దువ్వుగా మారడంలో దీని పాత్ర ఉందని నా ఊహ, నిఘంటువులో ఉందని కాదు. అమరకోశం కోడికి ఇచ్చిన పేర్లు కూడా చూడండి: "కృకవాకుస్తామ్రచూడః కుక్కుటశ్చరణాయుధః". తామ్రచూడమంటే ఎర్ర జుట్టుది, చరణాయుధమంటే కాలే ఆయుధంగా గలది.

అసలు నేను రాయాలనుకున్నది ఇప్పుడు మొదలవుతుంది. కోళ్ళ పెంపకంలో ఈ మాటకు ఖచ్చితమైన పని ఉంది. కలిసి పెరిగిన పుంజుపిల్లల్ని ఎప్పుడు విడదీయాలో చెప్పే మాట ఇది.

అసీల్ అనే పోట్లాట కోళ్ళ జాతి పిల్లలు పుట్టిన కొద్ది వారాలకే ఎదురెదురుగా నిలబడి మెడలు చాచి ఎగురుతాయి. అప్పుడు మేం "పొడుచుకుంటున్నాయి" అంటాం. కాసేపటికి అదే పిల్లలు ఒకే చోట నూకలు ఏరుకుంటాయి. ఎవరు ముందో ఎవరు వెనకో అవే తేల్చుకుంటున్నాయి, మనం అందులో తలదూర్చకూడదు. ఆ వరస కుదిరితే నెలల తరబడి ఒకే గూట్లో సర్దుకుపోతాయి. నాలుగో నెల దాటాక కథ మారడం మొదలవుతుంది. జుట్టు ఎరుపెక్కుతుంది, మెడ ఈకలు సాగుతాయి, బొంగురు గొంతుతో కూత మొదలవుతుంది, పెట్టల వెంట పడతాయి. ఒకరోజు రెక్క దించి తిరుగుతూ కనిపిస్తాయి. అదుగో, కాలు దువ్వుతున్నాయి. వేరు చేయాల్సింది అప్పుడే. ఆలస్యమైతే మాట మళ్ళీ మారిపోతుంది, "తన్నుకుంటున్నాయి" అంటాం. పొడవడం ముక్కు పని, తన్నడం కాలి పని. మామూలు నాటుకోళ్ళలో ఓడింది పారిపోతుంది, గొడవ అక్కడితో ఆగుతుంది. అసీల్ పారిపోదు. కళ్ళు పోతాయి, తలలు పగులుతాయి. బతికి బయటపడ్డది కూడా ఒక్కోసారి బెదిరిపోయి, మూల చేరి మేత ముట్టదు.

ఎన్నో నెలలో అంటే ఒక లెక్క చెప్పడం కష్టం. ఐదో నెలకే తప్పనిసరి అయ్యేవి ఉంటాయి, ఇంకొన్నాళ్ళు ఆగేవీ ఉంటాయి. దొడ్డి విశాలంగా ఉండి, పెద్ద పుంజు ఒకటి తిరుగుతుంటే కుర్రవి కూత కూడా దిగమింగుకుంటాయి. ఆ పెద్దదాన్ని తీసేస్తే రోజుల్లోనే రచ్చ. ఒకసారి విడదీసినవాటిని తిరిగి కలపడం మాత్రం ఎప్పుడూ చేయకండి. కొన్నాళ్ళు ఎడంగా ఉంటే తోడబుట్టినవైనా పరాయివే, వరస మళ్ళీ మొదటినుంచి తేలాలి. ఈసారి తేలేది కాళ్ళతో.

అందుకే పేపర్లలో, టీవీల్లో దాడి జరిగిపోయాక కూడా "కాలు దువ్వింది" అని రాస్తే నాకు బాధగా ఉంటుంది. కాలు దువ్వడమంటే ఇంకా దెబ్బ పడలేదు, ఆపడానికి వేళ మిగిలే ఉంది. దెబ్బ పడ్డాక వాడటానికి మనకు తన్నుకోవడం ఉంది, తలపడటం ఉంది, కలబడటం ఉంది. ఇన్ని మాటలున్న భాషలో అన్నిటినీ ఒకే గాటన కట్టడం ఎందుకు?

పుంజుకోవడం కూడా పుంజు నుంచే వచ్చిందా అని అడిగిన అన్నగారికి: తేజఃపుంజంలో ఉన్న పుంజం, అంటే పోగు, దాని నుంచే వచ్చిందని నా నమ్మకం. వాన పుంజుకోవడం, వ్యాపారం పుంజుకోవడం, రెండిట్లోనూ పోగవడమే ఉంది.

ఇదంతా పందేలకు ప్రోత్సాహం కాదా అన్నవారికి: కత్తి కట్టి కోళ్ళను చంపడం నాకూ ఇష్టం లేదు. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం, 1974 నాటి రాష్ట్ర గేమింగ్ చట్టం రెండూ ఉన్నాయి. అసీల్ మన ప్రాంతపు జాతి, దాన్ని పెంచడం వేరు, బరిలో దించడం వేరు. పిల్లలు ఒకదాన్నొకటి చంపుకోకుండా చూసుకోవడం పెంపకంలో మొదటి పని.

విడదీయడం ఎలా అని అడిగిన చెల్లెమ్మకు: చీకటి పడ్డాక పట్టుకోమ్మా, అప్పుడు బెదరవు. ఒక్కొక్కదానికి ఒక్కో గంప. గంపల మధ్య తాటాకు తడిక అడ్డం పెట్టు. ఒకదానికొకటి కనిపిస్తే లోపలినుంచే ఎగబడి ముక్కులు చెక్కుకుంటాయి.