దసరా విలువిద్య స్టాల్: పాత చెక్క బాణాల మరమ్మతు పనులు, ఎవరు ఏం తేవాలి

స్టాల్ కోఆర్డినేటర్:
అందరికీ నమస్కారం. దసరా రోజు ఆయుధపూజ పక్కనే విలువిద్య స్టాల్‌కి మన అసోసియేషన్ కమిటీ ఒప్పుకుంది. ఊళ్లో ఆర్చరీ క్లబ్బు వాళ్లు విల్లులు, గడ్డి టార్గెట్లు, వెనక కట్టే నెట్, ఇద్దరు ఇన్‌స్ట్రక్టర్లను ఇస్తామన్నారు. బాణాలు మాత్రం వాళ్ల స్టోర్‌రూమ్‌లో ఏళ్లుగా మూలపడ్డ చెక్కవి, రెండు పెట్టెల్లో 72. బాగుచేసుకుంటే వాడుకోవచ్చట. అయిదు లైన్లకి డజను చొప్పున మనకి 60 కావాలి. పండక్కి అయిదు వారాల టైముంది, శనివారాలు మా గరాజ్ ఖాళీ. ఏమేం కొనాలో, ఎంతమంది కావాలో చెప్తే బడ్జెట్‌లో రాస్తాను.

బాణాల మాస్టారు:
అమ్మా, 60 అనే అంకె ఇంకా ఎక్కడా రాయకండి. పెట్టెల్లో ఉన్నవి 72 కావచ్చు, ఎక్కుపెట్టదగ్గవి ఎన్నో వడపోస్తేగానీ తేలదు. ఈక ఊడిన బాణం పక్కకి పోతుంది, అంతే. పుల్లలో పగులుంటే మాత్రం తాడు వదిలిన క్షణంలో విరిగి, వెనక సగం విల్లు పట్టుకున్న చేతిలో దిగుతుంది. అందుకని మొదటి శనివారం జిగురు సీసా మూత కూడా తియ్యొద్దు. ఆ రోజు వడపోతే పని.

ముందు వెలుతురులో పుల్లని తిప్పుతూ చూడండి. చెక్క చారలు ములికి నుంచి నాక్ (తాడుకి ఎక్కించే గాడి ఉన్న వెనక కొస ముక్క) దాకా పుల్ల వెంటే సాగాలి. మధ్యలో చార ఏటవాలుగా జారి అంచులోంచి బయటికి పోయిందంటే విరిగేది అక్కడే, ఆ బాణం తీసెయ్యండి. తర్వాత దూదిని పుల్ల పొడవునా ఇటోసారి అటోసారి లాగండి. కంటికి ఆనని చీలిక ఉంటే దూది పోగు పట్టుకుంటుంది. ఆ పైన వంచి చూడటం: కళ్లద్దాలు, చేతికి తొడుగులు వేసుకుని రెండు కొసలూ పట్టుకుని అంగుళం మేర వంచాలి, పావు చుట్టు తిప్పి మళ్లీ వంచాలి, అలా నాలుగు వైపులా. రేడియో, కబుర్లు కట్టిపెట్టి వినాలి. సన్నగా 'టిక్' అన్నా సరే, అది ఇక బాణం కాదు.

ములికి వెనక రెండు అంగుళాల మీద ఎక్కువసేపు ఉండండి. రాయికో టార్గెట్ చట్రానికో తగిలిన బాణం పైకి నిక్షేపంలా కనిపిస్తూ అక్కడే లోపల చిట్లి ఉంటుంది. ములికిని వేళ్లతో కదిపి చూడండి. కదిలితే జిగురు ఊడటమైనా కావచ్చు, చెక్క విరగడమైనా కావచ్చు. ములికి తీస్తేగానీ ఏదో తెలియదు.

ఫొటోల్లో పెద్ద పెట్టెలోవి 11/32 అంగుళం లావు పుల్లలు. గీరితే అల్లం లాంటి ఘాటు వాసన వస్తే పోర్ట్ ఆర్‌ఫర్డ్ సీడర్ అనే చెక్క. చిన్న పెట్టెలోవి 5/16, చూడ్డానికి పైన్‌లా ఉన్నాయి. రెండూ కలపకండి, నాక్‌లూ ములుకులూ వేరు.

ఈకల పని తమ్ముడు:
అక్కా, ఈకలకి బడ్జెట్ అక్కర్లేదు. మా ఆఫీసు వెనక చెరువు గట్టున కెనడా గూస్ ఈకలు బోలెడు రాలి ఉంటాయి. సంచీడు ఏరుకొస్తా.

బాణాల మాస్టారు:
ఆ పని చెయ్యకు బాబూ. మనం ఉన్న అమెరికాలో 1918 నాటి వలస పక్షుల చట్టం కిందికి ఆ గూస్ వస్తుంది. నేల మీద రాలిన ఈకైనా పర్మిట్ లేకుండా ఉంచుకోకూడదు. అసోసియేషన్ పేరుతో చేసే పనిలో ఆ తలనొప్పి మనకెందుకు? ఫారం టర్కీ ఈకలు ఆర్చరీ షాపుల్లో కోసి, ఈనె అడుగు నున్నగా చేసి అమ్ముతారు. నాలుగంగుళాలవి కొందాం.

కొనేముందు పాతవాటిని ఒకసారి చూడండి. నలిగి, పక్కకి పడుకున్న ఈకలన్నీ పాడైనట్టు కాదు. కెటిల్ ఆవిరికి పది పదిహేను సెకన్లు చూపించి బాణాన్ని వేళ్ల మధ్య తిప్పితే చాలావరకు లేచి నిలబడతాయి. పురుగు కొట్టినవి వేరు. అంచు దువ్వెనలా పళ్లు పళ్లుగా ఉంటుంది, ఈనె దగ్గర సన్నటి పొడి రాలుతుంది. వాటిని మిగతావాటితో కలపకుండా జిప్ సంచిలో పెట్టి వారం పాటు ఫ్రీజర్‌లో ఉంచండి. లేకపోతే ఆ పురుగు కొత్త ఈకల్ని కూడా తినేస్తుంది.

వడ్రంగం బాబాయ్‌గారు:
వడపోత అయింది, లెక్క రాసుకోండి. 72లో నిలిచినవి 38. సీడర్ 25, పైన్ 13. పోయిన 34లో ఎక్కువ భాగం చార జారినవే. ములికి దగ్గర చిట్లినవి ఏడు, 'టిక్' అన్నవి అయిదు.

పుల్లల బిరుసు, అంటే ఎంత వంగకుండా నిలుస్తాయో, అది కూడా కొలిచాం. దానికి మిషను అక్కర్లేదు. చెక్క మీద 26 అంగుళాల దూరంలో రెండు మేకులు కొట్టి పుల్లని వాటి మీద ఆనించి, సరిగ్గా మధ్యలో రెండు పౌండ్ల బరువు వేలాడదియ్యాలి. మేము కందిపప్పు ప్యాకెట్టే వాడాం, సంచితో కలిపి 907 గ్రాములు వచ్చేలా నాలుగు గింజలు తీసి. పుల్ల ఎంత కిందికి దిగిందో అంగుళాల్లో చూసి, 26ని దాంతో భాగిస్తే బిరుసు పౌండ్లలో వస్తుంది. 0.65 అంగుళం దిగితే 40, 0.52 దిగితే 50. చారలు నిలువుగా ఉన్న వైపూ అడ్డంగా ఉన్న వైపూ తేడా వస్తుంది కాబట్టి అన్నిటినీ ఒకే వైపు పెట్టి కొలవాలి.

పైన్‌వి 30 నుంచి 35 మధ్య ఉన్నాయి, లాగడానికి 20-25 పౌండ్ల బలం పట్టే పిల్లల విల్లులకి పనికొస్తాయి. సీడర్‌లో 19 మాత్రం 40-45 మధ్య ఉన్నాయి, పెద్దవాళ్ల విల్లులకి సరి. మిగిలిన ఆరు 55 దాటాయి. అంత బిరుసు పుల్ల మన విల్లుకి వంగదు, కుడిచేతి వాళ్లు వేస్తే వరసగా ఎడమకి పోతుంది. కొత్తగా పట్టినవాడు తప్పు తనదే అనుకుంటాడు, పాపం. అవి క్లబ్బుకే తిరిగిద్దాం. అంటే మన చేతిలో 32.

స్టాల్ కోఆర్డినేటర్:
బాబాయ్‌గారూ, 60 అడిగితే 32 చేతిలో పెట్టారు! చాలతాయా?

బాణాల మాస్టారు:
చాలతాయమ్మా. ఒక్కొక్కరికి మూడు బాణాలే ఇవ్వాలి. కొత్తవాళ్లకి డజను ఇస్తే నాలుగో బాణానికే చెయ్యి అలిసి మోచెయ్యి దిగిపోతుంది, వెనక క్యూ కదలదు. అయిదు లైన్లకి మూడు చొప్పున 15 నడుస్తుంటే ఇంకో 15 బల్ల మీద దూది పరీక్షకి వస్తాయి. పైన్‌తో రెండు లైన్లు, సీడర్‌తో మూడు. 12, 18 పోగా ఒక్కోదాంట్లో ఒకటి స్పేర్.

వడ్రంగం బాబాయ్‌గారు:
రెండో శనివారం పుల్లల పని. వంకర తియ్యడం ఇలా: బాణాన్ని అద్దం పలక మీద దొర్లిస్తే వంకర ఉన్నచోట సందు కనిపిస్తుంది. ఆ చోట అరచేత్తో గట్టిగా రుద్ది గానీ, హీట్‌గన్ తక్కువ మీద పెట్టి పుల్లని ఆపకుండా తిప్పుతూ గానీ వెచ్చబెట్టండి. చేత్తో పట్టుకోగలిగే వేడి చాలు. బొటనవేలితో వంకరకి ఎదురువైపు కొంచెం ఎక్కువే వంచి, చల్లారేదాకా అలాగే పట్టుకోవాలి. వేడి ఆరకముందే వదిలితే మళ్లీ మొదటికొస్తుంది. ముడి ఉన్నచోట వంచే ప్రయత్నం చెయ్యొద్దు.

నాక్‌లు బాగున్నా పాడైనా 32కీ మార్చాల్సిందే. పాత ప్లాస్టిక్ పెళుసెక్కి ఉంటుంది. తాడు వదిలినప్పుడు నాక్ పగిలితే ఖాళీ విల్లు లాగి వదిలినట్టే, విల్లు కూడా పోవచ్చు. పాతది ప్లయర్‌తో మెలిపెట్టి తియ్యండి. కింద చెక్క కొస చెడితే పెన్సిల్ చెక్కినట్టు టేపర్ టూల్‌తో చెక్కండి. నాక్ వైపు 11 డిగ్రీలు, ములికి వైపు 5 డిగ్రీలు. ఇవి తారుమారైతే నాక్ ఊగుతుంది. నాక్ అతికించేటప్పుడు గాడి చెక్క చారలకి అడ్డంగా ఉండాలి. అలా పెడితే పుల్ల బిరుసైన వైపు విల్లుకి ఆనుతుంది. బిగువు చూసే పద్ధతి: బాణం తాడుకి వేలాడాలి, తాడు మీద వేలితో చిన్నగా కొడితే ఊడి పడాలి. పడకపోతే మరీ బిగువు.

ములికి ఊడిన చోట హాట్‌మెల్ట్ జిగురే వాడండి. ములికిని ప్లయర్‌తో పట్టుకుని వేడిచేసి, జిగురు రాసి, తిప్పుతూ ఎక్కించి, తడిగుడ్డతో చల్లార్చండి. మరీ ఎర్రగా కాలిస్తే లోపల చెక్క మాడి, మొదటి దెబ్బకే ములికి టార్గెట్‌లో ఉండిపోతుంది.

పాత ఈక జిగురు అసిటోన్‌తో కరుగుతుంది. ఈకని పట్టి పీకితే చెక్క పొర కూడా లేస్తుంది, గుడ్డ తడిపి చుట్టి రెండు నిమిషాలు ఆగి మొద్దు కత్తితో గీకండి. అసిటోన్ డబ్బా గరాజ్ తలుపు దగ్గరే ఉండాలి, హీట్‌గన్ అవతలి మూల బల్ల మీద. రెండూ ఒకే బల్ల మీదికి రావడానికి వీల్లేదు.

ఈకల పని తమ్ముడు:
మాస్టారూ, ఆవిరి పట్టాక ఎనిమిది బాణాల ఈకలు బతికాయి. 24కి కొత్తవి వెయ్యాలి, అంటే 72 ఈకలు. వంద ప్యాకెట్ ఆర్డర్ పెట్టాను, అన్నీ కుడి రెక్కవే. ఒక్క రోజులో అయిపోతుందా?

బాణాల మాస్టారు:
లెక్క వెయ్యి. క్లబ్బు దగ్గర జిగ్‌లు (జిగురు పట్టేదాకా ఈకని సరైన చోట పట్టి ఉంచే పరికరాలు) నాలుగున్నాయి, ఒక్కో జిగ్ ఒకసారికి ఒక ఈకే పడుతుంది. జిగురు పట్టడానికి ఈకకి 20 నిమిషాలు, బాణానికి గంట. 24 బాణాలకి 24 గంటలు, నాలుగు జిగ్‌లకి పంచితే ఆరు గంటలు. మూడేసి గంటల రెండు షిఫ్టులు, షిఫ్టుకి ఇద్దరు. తొందరపడి సూపర్‌గ్లూ తెచ్చేరు. నిమిషంలో పడుతుంది, వంకరగా పెట్టినా నిమిషంలోనే పడుతుంది.

కుడి రెక్కవే తెప్పించడం మంచి పని. కుడి, ఎడమ రెక్కల ఈకలు పక్కపక్కన పెడితే మన రెండు చేతుల్లా ఉంటాయి. ఒకే బాణానికి రెండూ కలిస్తే ఒకటి ఇటూ ఒకటి అటూ తిప్పాలని చూస్తాయి, బాణం ఊగుతూ పోతుంది. జిగ్ క్లాంప్ కూడా కుడి రెక్కదే ఉండాలి, క్లబ్బు నుంచి తెచ్చేటప్పుడు అడిగి తీసుకో.

అతికించే చోట 220 గరుకు కాగితంతో మెరుపు పోయేదాకా రుద్ది, స్పిరిట్ గుడ్డతో తుడిచి, ఆ తర్వాత వేలు పెట్టకూడదు. గారెలు తిన్న చేతులతో ఎవరూ ఆ బల్ల దగ్గరికి రావద్దు, నవ్వులాట కాదు, నూనె మీద జిగురు నిలవదు. పాత వార్నిష్ మీద కొత్త జిగురు బుడగలు లేపుతుందేమో ముందు ఒక బాణం మీద చూడండి. లేస్తే ఆ మేర వార్నిష్ చెక్క దాకా గీకేయాలి.

ఈక వెనక కొస నాక్ గాడికి అంగుళం ముందు ఉండాలి, లేకపోతే కొత్తవాళ్ల వేళ్లు ఈకకి తగులుతాయి. రంగు వేరుగా ఉన్న ఈక గాడికి అడ్డంగా, విల్లుకి అవతలి వైపు చూసేలా. మిగతా రెండూ దాన్నుంచి 120 డిగ్రీలు. ఈనె అడుగున సన్నటి గీతలా జిగురు చాలు. బయటికి పొంగితే క్లాంప్‌కి అంటుకుని, తీసేటప్పుడు ఈక కూడా వస్తుంది.

చివర్లో అందరూ మర్చిపోయేది: ఈనె ముందు కొస. అది కాస్త లేచి ఉన్నా బాణం వెళ్తూ వెళ్తూ చేతిని సూదిలా చీరేస్తుంది. మూడు కొసల మీదా ఒక్కో చుక్క జిగురు వేసి, పట్టుదారం అయిదారు చుట్లు చుట్టండి. ఆవిరి పట్టి ఉంచుకున్న ఎనిమిదింటికి కూడా.

అన్నట్టు, బాణానికి ఈకలున్న ఈ భాగమే పుంఖం. ఒకదాని పుంఖం వెనకే ఇంకొకటి వచ్చేలా వెయ్యడమే పుంఖానుపుంఖంగా వెయ్యడం. స్టాల్ బోర్డు మీద పిల్లలకి ఒక బొమ్మతో రాస్తే బావుంటుంది.

పూజ కమిటీ అక్క:
ఆ రోజు పొద్దున బాణాలన్నీ జమ్మి కొమ్మ దగ్గర పెట్టి పసుపు కుంకుమ పెడతాం. తర్వాతే స్టాల్‌కి.

బాణాల మాస్టారు:
పెట్టండమ్మా, కాకపోతే బొట్టు పుల్ల మధ్యలో పెట్టండి. తడి పసుపు ఈకకి తగిలితే అట్టకట్టి పడుకుంటుంది, నాక్ గాడిలోకి పోతే తాడు సరిగా కూర్చోదు. అక్షింతలు కూడా పక్కన పళ్లెంలో.

అసలు పూజకి ఆ తీసేసిన 34 ఉన్నాయి కదా. బొట్లు, పూలు, అలంకారం అన్నీ వాటికి చేసుకోండి. అయితే అవి పెట్టెలోంచి బయటికొచ్చే ముందే నాక్‌లన్నీ రంపంతో కోసెయ్యాలి. చూడ్డానికి బాణంలానే ఉంటుంది, ఏ పిల్లాడు ఎత్తుకెళ్లినా తాడుకి ఎక్కదు.

స్టాల్ కోఆర్డినేటర్:
రాసుకున్నాను. 11/32 నాక్‌లు 25, 5/16 నాక్‌లు 20, ఈక జిగురు రెండు ట్యూబులు, అసిటోన్ ఒక క్వార్ట్, 220 కాగితం, పట్టుదారం నేను తెస్తాను. టేపర్ టూల్, హీట్‌గన్ బాబాయ్‌గారు. జిగ్‌లు తమ్ముడు శుక్రవారం సాయంత్రం క్లబ్బు నుంచి. నాలుగో శనివారం క్లబ్బు రేంజ్‌లో 32 బాణాలూ పది గజాల నుంచి మూడేసి సార్లు వేసి, ప్రతిసారీ దూది పెట్టి చూస్తాం. అయిదో వారం దేనికైనా పనికొస్తుందని వదిలాను. మూడో శనివారం రెండో షిఫ్టుకి ఇంకా ఒకరు తక్కువ, ఎవరొస్తారు?

వడ్రంగం బాబాయ్‌గారు:
నేనొస్తా. ఆ కందిపప్పు ప్యాకెట్ మాత్రం పండగయ్యేదాకా ఎవరూ వండెయ్యకండి, క్లబ్బు వాళ్లు ఇంకో పెట్టె ఇస్తామంటున్నారు.