"పోతే అందరం కలిసే పోతాం" అంటే బెదిరింపేనా?

ప్రశ్న: అప్పుల్లో మునిగిన తండ్రి, పిల్లల ముందే ఈ మాట పదేపదే అంటున్నాడు. ఇరుగుపొరుగు ఏం చేయాలి?

జవాబు 1: కొట్టిపారేయకండి. తన చావు ఆలోచనలో పిల్లల్ని చేర్చడమే పెద్ద సంకేతం. "నేను లేకపోతే వీళ్లనెవరు చూస్తారు" అన్నదీ అదే కోవ. పాత ఆత్మహత్యాయత్నం, భార్యను కొట్టడం, విడిపోతానన్న మాట, కస్టడీ గొడవ తోడైతే ప్రమాదం ఇంకా ఎక్కువ. తల్లి విషయంలోనైతే, కాన్పయిన కొత్తలో నిద్ర పట్టక, బిడ్డ గురించి వింత నమ్మకాలు మొదలైతే ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

జవాబు 2: సూటిగా అడగండి: "చచ్చిపోవాలనిపిస్తోందా? పిల్లల్ని కూడా చంపాలనుకుంటున్నావా?" అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. అవునంటే ఒంటరిగా వదలొద్దు. పిల్లల్ని వెంటనే బంధువుల ఇంటికి చేర్చండి, పురుగుమందు ఇంట్లోంచి తీసేయండి. ప్రాణాపాయమైతే 112, పిల్లల కోసం 1098. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416 రాత్రీపగలూ తెలుగులో పలుకుతుంది.

జవాబు 3: ఆత్మహత్యాయత్నాన్ని ఇంట్లోవాళ్లు కేసు భయంతో దాచేస్తారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం, ఆత్మహత్యకు యత్నించినవారు తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, ఆ యత్నానికి శిక్ష ఉండదు. బిడ్డ ప్రాణం తీస్తే మాత్రం హత్యే. (పేపర్లేమో "కుటుంబం ఆత్మహత్య" అని రాస్తాయి. రెండేళ్ల పిల్ల ఆత్మహత్య చేసుకుంటుందా?)